ఊరిబడియు కొండపిల్లయు

2011వ సంవత్సరపు జనగణన పట్టికలలో ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల పుటలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినవారికి అందలి రెండు అంకెలు ఒకదానితో నొకటి పొసగనట్లు తోచును. వేయిమంది పురుషులకు కొరాపుట్ జిల్లాలో 1032 మందియు, రాయగడ జిల్లాలో 1051 మందియు స్త్రీలు గలరు. దేశమంతటిని లెక్కించినచో ఆ సంఖ్య 943 మాత్రమే. ఆడశిశువు పుట్టుటయే నేరముగా నెంచు సీమలు మన దేశమున పెక్కు గలవుగాని ఈ కొండసీమ వానిలో చేరినది కాదు. ఇచ్చట పెండ్లికొడుకువారే పిల్లకు ఓలి చెల్లించెదరు. ఆడుది పొలమున విత్తును, సంతలో అమ్మును, తన సొమ్మును తన కొంగున ముడివేసికొనును. అట్లుండియు అదే పట్టికలోని అక్షరాస్యత గడిని చూచినచో, కొరాపుట్టులో పురుషులలో నూటికి 60.32 మందికి చదువు వచ్చియుండగా స్త్రీలలో 38.55 మందికి మాత్రమే వచ్చినది. రాయగడలో ఆ అంకెలు 61.04, 39.19. దేశమున స్త్రీల అక్షరాస్యత అప్పటికే నూటికి 64 దాటియుండెను.

ఆడపిల్లను పుట్టనిచ్చి, పెరుగనిచ్చి, పనిలో మగవానితో సరిసమానముగా నిలిపిన సమాజమే ఆమెను బడికి మాత్రము పంపనొల్లకున్నదని అనుట తేలిక. తల్లిదండ్రులకు అవగాహన లేదనెడి మాట కచేరీ నివేదికలలో ఎంతకాలమునుండియో నలుగుచున్నది. నేను దానిని అంగీకరింపలేను. 2001లో ఈ రెండు జిల్లాలలోను చదువు వచ్చిన స్త్రీలు నూటికి ఇంచుమించు 24 మందియే. పదేండ్లలో ఆ సంఖ్య 39కి చేరువైనదనగా, బడి అందుబాటులోనికి వచ్చిన చోటనెల్ల తల్లులు తమ బిడ్డలను పంపినారనియే కదా అర్థము. ఈ సీమలో స్త్రీపురుష భేదము ఇంటిలోకంటె బడి గడపయొద్దనే పదునెక్కినదనియు, దిద్దవలసినది తల్లి మనస్సునుగాక బడి నడకను అనియు నాకు తోచినది. కట్టిన భవనములు, ప్రకటించిన పథకములు, నియమించిన పంతుళ్లు, వెలసిన హాస్టళ్లు అన్నిటిని ఈ దృష్టితోనే పరిశీలింపవలసియున్నది.

ఈ సీమ తెలుగువారికి పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడునంతవరకు ఇది మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణపు ఏజెన్సీలో భాగమై, జయపుర సంస్థానాధీశుల యేలుబడిలో నుండెను. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లాను నాలుగుగా విభజించినప్పుడు రాయగడ, నవరంగపురము, మల్కనగిరి వేరు జిల్లాలైనవి. జయపురాధీశుడైన విక్రమదేవవర్మ మహారాజు తెలుగులోను, ఒడియాలోను పండితుడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆయన చేసిన దానము అపారము. అచ్చటి విజ్ఞానశాస్త్ర కళాశాల నేటికిని జయపుర విక్రమదేవుని పేరనే యున్నది. ఆ దానమునకు మూలధనము ఈ కొండలలోని అడవులనుండియు, ఈ రైతుల శిస్తునుండియు వచ్చినది. కావున ఈ కొండలలోని ఊరిబడి యెట్లున్నదని విచారించుట తెలుగువానికి ఉబుసుపోకకై చేయు పని కాదు, ఋణము తీర్చుకొను పని.

మొదట భాషమాట. రాయగడ పట్టణములో వీథిన నిలిచి చెవియొగ్గినచో తెలుగు, ఒడియా, కువి మూడును వినవచ్చును. గుణుపురము దెసకు పోయినచో సవర, కొరాపుట్ దెసకు పోయినచో దేశియా, పరజ, గదబ భాషలు తోడగును. నియమగిరి చరియలోని డొంగ్రియా కోందు పిల్ల ఇంట కువి పలుకును. సంతకు దిగినప్పుడు ఉప్పు, చేప, పూసలు అమ్మువారినోట తెలుగో ఒడియాయో వినును. బడిలో అడుగుపెట్టినంతనే, ముందెన్నడు చూడని ఒక పంతులు, ముందెన్నడు వినని వాక్యములతో, ముందెన్నడు ఎరుగని వస్తువులను గూర్చి పాఠము మొదలిడును. ఆ పిల్ల నోరు మెదపదు. మగపిల్లవాడైనను మెదపడుగాని, వాడు తండ్రివెంట సంతకు, కూలికి, బస్టాండునకు తిరిగినవాడగుటచే పరభాష చెవికి కొంత సోకియుండును. తల్లివెంట పోడుపొలమునకును, ఏటికిని, అడవికిని తిరిగిన ఆడపిల్లకు ఆ అవకాశమును లేదు. కావున ఒకే గదిలో ఒకే పలకపట్టిన యిద్దరిలో ఆమె మొదటి దినముననే ఒక యేడు వెనుకబడును. దీనిని ఎవ్వరును స్త్రీపురుష భేదమని పిలువరు, భాషాసమస్యయని వేరు గదిలో వ్రాయుదురు. బడి లోపల ఆ రెండును ఒక్కటియే.

ఈ సంగతిని నూరేండ్లకు పూర్వమే కనిపెట్టినవాడు గిడుగు వేంకట రామమూర్తిగారు. తెలుగువారు ఆయనను వాడుకభాషోద్యమ నాయకునిగా తలచెదరు. కాని ఆయన జీవితములోని మరియొక అర్ధభాగము, నా దృష్టికి తక్కువది కానిది, సవరలకు చెందినది. ప్రస్తుతము ఒడిశాలోని గజపతి జిల్లాయందున్న పర్లాకిమిడిలో మేష్టారుగా నుండి, ఆయన సవరపల్లెలలో తిరిగి ఆ భాషను నేర్చుకొని, దానిలో వాచకములు వ్రాసి, తన సొంతసొమ్ముతో సవరపిల్లలకు బడులు పెట్టెను. మద్రాసు ప్రభుత్వము ఆ కృషికి మెచ్చి పారితోషికము నీయబోగా దానిని తాను తీసికొనక ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనెను. 1931లో ఆయన సవరభాషా వ్యాకరణము, 1938లో సవర నిఘంటువు వెలువడినవి. తెలుగు పిల్లవాడు ఇంటి మాటతోనే చదువు మొదలిడవలెనని వాదించినవాడే సవరపిల్లకును అదే హక్కు గలదని వాదించుట గమనింపదగినది. రెండు వాదములకును మూలము ఒక్కటే.

ఆ మూలము ప్రభుత్వమునకు పట్టుటకు డెబ్బదియేండ్లు పట్టినది. ఆంధ్రప్రదేశములో 2004 ప్రాంతమున సవర, కువి, కొండ, కోయ మొదలగు ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు చదువు ఆరంభమైనది. ఒడిశాలో 2007 ప్రాంతమున కువి, కుయి, సవర, సంతాలీ, కోయ మొదలైన పది భాషలతో బహుభాషా విద్యాప్రణాళిక మొదలై, పిదప ఇరువదియొక భాషలకు విస్తరించినది. మొదటి తరగతిలో ఇంటిభాష, క్రమక్రమముగా ఒడియా మాటలు, ఆ తరువాత వ్రాత, ఐదవ తరగతి ముగియునప్పటికి పూర్తిగా రాష్ట్రభాషయందు నిలుచుట దాని క్రమము. ఈ వరుస సబబైనది. అయితే అదే కువిపిల్ల సరిహద్దునకు ఇటు పార్వతీపురము దెస పుట్టినచో తన భాషను తెలుగులిపిలోను, అటు రాయగడ దెస పుట్టినచో ఒడియాలిపిలోను దిద్దుకొనుచున్నది. అక్కచెల్లెండ్లు ఇరుప్రక్కల కాపురముండి ఒకరి బిడ్డ పుస్తకము మరొకరి బిడ్డకు పనికిరాకుండుట జరుగుచున్నది. ఇరు రాష్ట్రముల పండితులు ఒకచోట కూర్చుండి కథలను, బొమ్మలను, పదముల పట్టికలను పంచుకొన్నచో లిపి వేరైనను శ్రమయైన సగమగును. పొట్టంగి ప్రాంతమున కొటియా గ్రామములు 21 యెవరివను వివాదములో ఇరు రాష్ట్రములును చూపిన పట్టుదలలో పదవవంతు ఆ గ్రామముల పిల్లలు ఏ భాషలో చదువవలెనను విషయమున చూపినను చాలియుండెడిది.

భాష తరువాత పని. కొండయూరికి పొద్దున ఎనిమిదింటికి పోయి చూడుడు. పెద్దలు పోడుకు పోయియుందురు. ఎనిమిదితొమ్మిదేండ్ల పిల్ల గంజిలో చోళ్లపిండి కలిపి కాచిన అంబలిని సొరబుఱ్ఱలో పోసి మూలనుంచి, చెంబుతో తమ్మునికి మొగము కడిగి, వానిని గుడ్డతో నడుమునకు కట్టుకొని బడిదారి పట్టును. తరగతిగది గడపవరకు వచ్చి నిలుచును. తమ్ముడు ఏడ్చినచో లోపలనున్నవారికి పాఠము సాగదు కనుక గడప బయటనే నిలిచి, కిటికీలోనుండి నల్లబల్లను చూచుచుండును, వాడు నిదురపోయినప్పుడు లోనికి వచ్చి కూర్చుండును, లేచినప్పుడు లేచిపోవును. హాజరు పట్టీలో ఆమె పేరున సున్న పడదు, ‘హాజరు’ అనియే పడును. పట్టీ ప్రకారము ఆమె చదువుకొనుచున్నది.

ఈ ఒక్క చిత్రములో ఈ సమస్య యంతయు నిమిడియున్నదని నాకు తోచును. ఆ పిల్లకు అడ్డుపడినది తల్లి అజ్ఞానమా? తల్లికి కూలియో పోడో లేనిదే ఇల్లు గడవదు. ఆ ఊరి అంగన్వాడి పొద్దున ఎనిమిదింటికి తెరచి, సాయంకాలము తల్లులు తిరిగివచ్చువరకు శిశువులను చూచుకొన్నచో, ఆ పిల్ల ఒడిలోని తమ్ముడు దిగును, పలక ఎక్కును. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975లో మొదలైనప్పటినుండి దాని కేంద్రములను శిశువుల పోషణకొఱకు లెక్కించిరేగాని, అక్కల చదువుకొఱకు లెక్కించినవారు అరుదు. బడిగంటను అంగన్వాడిగంటతో కట్టుట కొత్త పథకము కాదు, కొత్త భవనము కాదు. రెండు శాఖల అధికారులు ఒక కాగితముపై సంతకము చేయుట మాత్రమే. బాలికావిద్యకై నేను ఒకే యొక్క పనిని కోరుకొనవలసివచ్చినచో దీనినే కోరుకొందును.

ఋతువులును అట్టివే. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలును. తెల్లవారుజామున దానిని ఏరుట పిల్లల పని. వేసవి ముందు చింతపండు, జీడిపిక్కలు, కార్తికమునుండి పంటకోత, నడుమ అడ్డాకుల కుట్టుబడి. బడి సెలవులు తీరప్రాంతపు పండుగలను చూచి యేర్పడినవి. చైత్రపర్వమునకు ఊరూర వేట, పాట, ఆట సాగునప్పుడు బడి తెరచియుండును, పిల్లలుండరు. వారున్నప్పుడు బడి మూతపడియుండును. జిల్లాకొక సెలవుల పట్టిక వ్రాసికొను అధికారము కలెక్టరునకు ఇచ్చినచో ఎవ్వరి సొమ్మును పోదు.

మరుగుదొడ్లమాట త్వరగా ముగింతును. 2014 ఆగస్టులో ప్రధానమంత్రి ఎర్రకోటనుండి ప్రతిబడిలో బాలికలకు ప్రత్యేకమైన మరుగుదొడ్డి ఏడాదిలో కట్టవలెనని ప్రకటించిన పిదప గదులు లేచినవి, నీరు లేచిరాలేదు. కొండమీది బడిలో బోరు ఎండినచో ఏటినుండి బిందెతో నీరు తెచ్చి ఆ గదిని కడుగుపని మరల ఆడపిల్లలమీదనే పడును. 2018లో ‘ఖుషీ’ పేర ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు బాలికలకు ఉచితముగా నెలసరి గుడ్డల పొట్లములు పంచు పథకమును ఒడిశా ప్రభుత్వము ఆరంభించుట మంచి పని. నీరును, తలుపునకు గడియయు లేనిచోట ఆ పొట్లము పిల్ల సంచిలోనే ఉండిపోవును.

ఇక హాస్టళ్ల సంగతి; ఈ జిల్లాల విద్యాచరిత్రలో అత్యంత ముఖ్యమైన అధ్యాయమిది. సేవాశ్రమము, ఆశ్రమపాఠశాల, కన్యాశ్రమము అను పేళ్లతో ఒడిశా షెడ్యూల్డు తెగలు, కులముల అభివృద్ధిశాఖ నడపు పాఠశాలలు రాష్ట్రమంతట పదిహేడువందలకు పైగా గలవు. వానిలో చాలభాగము ఇట్టి కొండజిల్లాలలోనే యున్నవి. 2004లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయములు స్త్రీల అక్షరాస్యత తక్కువగానున్న బ్లాకులలో వెలసినవి. కొరాపుట్ జిల్లాలో పుంగారునందు, రాయగడ జిల్లాలో సిరిగుడయందు ఏకలవ్య పాఠశాలలు గలవు. నియమగిరి పాదమున చటికొనలో డొంగ్రియా బాలికలకై ప్రత్యేకముగా ఒక విద్యాసముదాయము నడుచుచున్నది. వీనివలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. నేడు ఈ జిల్లాలలో నర్సులు, పోలీసు కానిస్టేబుళ్లు, పంచాయతి కార్యదర్శులు, ఉపాధ్యాయినులుగా కనబడు గిరిజన యువతులలో అధికులు ఏదో ఒక కన్యాశ్రమపు మెట్టు ఎక్కి వచ్చినవారే. మూడు పూటల అన్నము, దీపము, తమ్ముని మోయనక్కరలేని యొక పూట: పదేండ్ల పిల్లకు ఇవి చిన్న వరములు కావు.

అయినను హాస్టలును నేను మార్గముగా నొప్పుకొందునుగాని గమ్యముగా నొప్పుకొనను. ఊరిబడి చెడినదికనుక హాస్టలు కట్టితిమి, హాస్టలున్నదికనుక ఊరిబడిని చూడక విడిచితిమి. ఈ రెండును ఒకదానినొకటి పోషించుకొనుచు ముప్పదియేండ్లు గడచినవి. ఆరేండ్ల పిల్లను తల్లినుండి విడదీసి ముప్పది నలువది మైళ్ల దవ్వున, వందలమంది నడుమ నేలపై పరుండబెట్టుట చదువుకొఱకైనను కఠినమైన పని. ఆ పిల్ల కువి మరచును, తల్లి ఒడియా నేర్వదు. సెలవులకు వచ్చినప్పుడు ఇరువురి నడుమను మాట తగ్గును. అంతకంటె బరువైనది రక్షణ. హాస్టళ్లలో బాలికలకు అన్యాయము జరిగిన వార్త వెలువడినప్పుడెల్ల ఒక మేట్రనునో, ప్రధానోపాధ్యాయినినో సస్పెండుచేసి, ఒక విచారణసంఘమును వేసి, కొన్నాళ్లకు మరచుట పరిపాటియైనది. నూరుమంది బాలికలకు ఒక మేట్రను రాత్రియు పగలును కాపు కాయుట మనుష్యసాధ్యము కాదు. ఆ మేట్రనుకు బాలికల భాష రాకున్నచో ఆపద సంగతి ఆమె చెవికి చేరుటయే యుండదు. 2012నాటి పోక్సో చట్టము ఫిర్యాదునకు దారి చూపినదిగాని, ఫిర్యాదు చేయుటకు పిల్లకు మాట కావలెను, ఆ మాట వినుటకు తన మనిషి ఒకతె కావలెను.

బిస్సంకటకములోని క్రైస్తవ ఆస్పత్రికి చెందిన ‘మిత్ర’ విభాగమువారు కచపాజు గ్రామమున ఆదివాసీ పిల్లలకై ఒక వసతిపాఠశాలను నడపుచున్నారు. కాశీపురమున అగ్రగామి సంస్థవారు 1980ల దశకమునుండి గిరిజన గ్రామములలో పనిచేయుచు, బాలికలకై ముక్తజ్ఞానకుటీరమను బడిని పెట్టినారు. ఇవి చిన్నవి, చిన్నవగుటయే వానికి బలము. పిల్ల పేరు వంటమనిషికి తెలియును, ఊరినుండి తల్లి వచ్చినచో కూర్చుండుటకు అరుగు ఉండును. వానినుండి ప్రభుత్వము నేర్చుకొనవలసినది పాఠ్యక్రమముకంటె ఈ కొలత. ఐదవ తరగతివరకు ఊరిలోనే, తల్లియొద్దనే చదువు. ఆపై చిన్న హాస్టలు. యాబదిమందికి మించనిది, పిల్లల భాష వచ్చిన ఇద్దరు స్త్రీలు రాత్రి కాపున్నది. ఇది నా తీర్పు.

ఈ తీర్పునకు ఎదురునడక నడచినది చిన్నబడుల విలీనము. నీతి ఆయోగ్ 2017లో ఒడిశా, జార్ఖండు, మధ్యప్రదేశములను ఎంచుకొని నడపిన ‘సాథ్’ కార్యక్రమముతో, పిల్లలు తక్కువగానున్న బడులను పొరుగుబడిలో కలుపుట ఊపందుకొన్నది. పటముపై చూచువారికి ఒక కిలోమీటరు ఒక కిలోమీటరే. కొండలలో ఆ కిలోమీటరునకు నడుమ ఒక గెడ్డ పొంగును, ఒక అడవి యుండును. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రాథమికపాఠశాల నడచిపోదగినంత దగ్గరగా నుండవలెనని నియమించినది. ఆ నడక ఆరేండ్ల ఆడపిల్ల నడకయని చదువుకొనవలెను. మగపిల్లవాని నైదుగురితో కలిపి పంపు తల్లి, ఆడపిల్లను పంపుటకు సందేహించును. ఆ సందేహమును నేను తప్పు పట్టలేను. కొండయూళ్లలో ఇరువదిమందికి తక్కువైన బడి ఉండుట ఆ ఊళ్లు చిన్నవగుటవలననేగాని, బడి చెడుటవలన కాదు.

పంతుళ్లమాట. 2003 ప్రాంతమున దేశవ్యాప్తముగా ముందు తెలుపకుండ పోయి చూచిన పరిశోధకులకు ప్రభుత్వ ప్రాథమికపాఠశాలలలో నలుగురు ఉపాధ్యాయులలో ఒకరు బడిలో కనబడలేదు. కొండలలో దీనికి కారణము సోమరితనమొక్కటియే కాదు. పంతులు బ్లాకు పట్టణములో కాపురముండి మోటారుసైకిలుపై వచ్చును. వానకాలమున దారి తెగును. నెలలో కొన్ని దినములు జనగణనకో, ఓటర్ల జాబితాకో, కచేరీ సమావేశమునకో పోవలెను. బడిలో ఆయన ఒక్కడే ఉపాధ్యాయుడైనచో ఆ దినము బడియే యుండదు. ఏండ్ల తరబడి శిక్షాసహాయకులను కొద్దిపాటి వేతనముతో ఒప్పందముపై నియమించు పద్ధతి సాగినది. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వము ఒప్పంద నియామకములను రద్దుచేయుట న్యాయమైన పని. అయినను ఉపాధ్యాయిని కొండయూరిలో ఎక్కడ నివసించునను ప్రశ్నకు జవాబు లేదు. పరాయి ఊరినుండి వచ్చిన ఒంటరి యువతికి అద్దెయిల్లు దొరకదు, రాత్రి తోడు ఉండదు. ఆమె బదిలీకి దరఖాస్తు పెట్టుకొనుట సహజము.

దీనికి విరుగుడు ఆ ఊరిలోనే ఉన్నది. కేరళలో వయనాడు జిల్లాయందు 2017లో ‘గోత్రబంధు’ పేర గిరిజన యువతీయువకులనే ప్రాథమికపాఠశాలలలో మార్గదర్శక ఉపాధ్యాయులుగా నియమించిరి. పిల్ల బడికి రానిదినమున ఇంటికి పోయి, ఇంటిభాషలో కారణమడుగగలవారు వారే. రాయగడ, కొరాపుట్ జిల్లాలలో హాస్టలునుండి పదియో, పండ్రెండో తరగతి ముగించి ఊరికి తిరిగివచ్చిన యువతులు నేడు ఊరికొకరైనను దొరకుదురు. వారిని మొదటి మూడు తరగతులకు నియమించి, సెలవులలో శిక్షణనిచ్చి, ఏడెనిమిదేండ్లలో పూర్తి ఉపాధ్యాయినులుగా ఎదుగుటకు దారి వేసినచో నివాసప్రశ్నయు, భాషాప్రశ్నయు ఒకేసారి తీరును. అట్టి యువతి నల్లబల్లయెదుట నిలుచుటను చూచిన పిల్లకు చదువు ప్రయోజనమును వేరుగా బోధింపనక్కరలేదు.

మధ్యాహ్నభోజనము బడిని నిలబెట్టిన స్తంభములలో ఒకటి. ఒడిశాలో 1995లో మొదలై, 2001 నవంబరునాటి సుప్రీముకోర్టు ఉత్తరువుతో దేశమంతటను హక్కుగా స్థిరపడినది. పెక్కుచోట్ల వంట చేయువారు ఆ ఊరి స్త్రీలే. బడిలో పిల్ల భాష వచ్చిన పెద్దమనిషి తరచుగా ఆ వంటామె యొక్కతెయే. పంతులు చెప్పిన మాట పిల్లకు తెలియనప్పుడు పొయ్యియొద్దనుండి ఆమెయే కేకవేసి చెప్పుట కద్దు. ఆమెకు కేంద్రము 2009లో నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 1000 రూపాయలు, అదియు ఏడాదిలో పదినెలలకే; రాష్ట్రము కలిపినది అటుపైన స్వల్పము. స్త్రీపురుష సమానత్వమును గూర్చి గోడలపై వ్రాయించు బడిలో, ఆ బడికి ప్రాణమైన స్త్రీశ్రమకు ఇంత హీనమైన వెల కట్టుట అధర్మము.

ఇక నిర్వహణసంఘము. విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వపాఠశాలకు ఒక నిర్వహణసంఘము నుండవలెననియు, అందు ముప్పాతికమంది తల్లిదండ్రులై, మొత్తములో సగము స్త్రీలై యుండవలెననియు శాసించినది. కాగితముపై ఇంతకంటె మంచి యేర్పాటు లేదు. ఆచరణలో సమావేశము ఒడియాలో జరుగును. ప్రధానోపాధ్యాయుడు వ్రాసిన తీర్మానముపై తల్లులు వేలిముద్ర వేసి లేచిపోవుదురు. వారికి మాటలాడుట రాదని చెప్పువారికి నేను 2013వ సంవత్సరమును జ్ఞాపకముచేయుదును. ఆ యేడు ఏప్రిల్ 18న సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి నియమగిరిలో గని త్రవ్వవచ్చునా యని పండ్రెండు పల్లిసభలు జరిగినవి. ఏడు రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. న్యాయాధికారియెదుట, పోలీసు బలగములయెదుట, పత్రికలవారియెదుట డొంగ్రియా పురుషులును స్త్రీలును లేచి తమ భాషలో తమ వాదము వినిపించిరి. పండ్రెండు సభలును గని వలదనియే తేల్చినవి. ఒక పర్వతపు భవితవ్యమును నిర్ణయించిన స్త్రీలకు, తమ పిల్లల పంతులు ఎన్ని దినములు వచ్చెనో లెక్కచూచు శక్తి లేదనుట పొసగని మాట. నాడు వారి భాషలో వినిరి, బడిసంఘములో వినుటలేదు. భేదము అంతమాత్రమే.

ఒడిశా పంచాయతులలో స్త్రీలకు సగము స్థానములు కేటాయింపబడినవి. పశ్చిమవంగములోని బీర్భూమ్ జిల్లాలో వందలకొలది గ్రామములను పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులు, రెండు పర్యాయములు స్త్రీయే గ్రామప్రధానిగా నున్నచోట్ల బాలబాలికల చదువులోని వ్యత్యాసము తొలగిపోయినదని 2012లో ప్రకటించిరి. ఆ ప్రధానులు బడికి ప్రత్యేకముగా ధనము తెచ్చుట దీనికి కారణము కాదట. ఊరిపిల్లలును, తల్లిదండ్రులును అధికారమున స్త్రీని కన్నులార చూచుటయే కారణమట. మన కొండజిల్లాల సర్పంచులైన స్త్రీలకు బడి హాజరుపట్టీని తనిఖీచేయు స్పష్టమైన అధికారము నిచ్చినచో ఫలము త్వరగా కానవచ్చును.

ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట మెట్టు నిటారుగా లేచును. ఉన్నతపాఠశాల దూరము, చట్టపు రక్షణ పదునాలుగేండ్లతో ముగియును, పెండ్లిమాటలు మొదలగును. బీహారులో 2006నుండి బాలికలకు సైకిళ్లు పంచినందున ఉన్నతపాఠశాలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినదని పరిశోధకులు తేల్చిరి, ఒడిశాయు సైకిళ్లిచ్చుచున్నది. కాని గంగామైదానమున పారిన చక్రము లక్ష్మీపురము కనుమలో పారదు. ఇచ్చట ఉదయ సాయంకాలములు జీపుగాని, చిన్నబస్సుగాని బాలికలకై నడపవలెను. మగపిల్లలను మరువరాదు: కేరళకో, హైదరాబాదునకో కూలికి పోవు పదునారేండ్ల కుఱ్ఱవాడు బడిని విడుచుటయు ఇదే పాఠశాల వైఫల్యము, అన్న వలసపోయిన యింట అతని పనియు చెల్లెలి భుజముపై పడుచున్నది. దామంజోడిలో అల్యూమినియము ధాతువును శుద్ధిచేయు కర్మాగారమున్నది, సునాబేడలో విమానయంత్రములు తయారగుచున్నవి. వాని గోడలకు కూతవేటు దూరములోని ఊళ్లనుండి కూలికై మైళ్లకొలది పోవుట కలచివేయు విషయము.

పాఠ్యవిషయమును గూర్చి ఒక్కమాట. కొరాపుట్ జిల్లా పాత్రపుట్ గ్రామస్థురాలైన కమలా పుజారిగారు బడిచదువు లేనివారైనను నూరురకములకు పైగా దేశవాళీ వరివిత్తనములను కాపాడి 2019లో పద్మశ్రీ పొందిరి. 2024లో కాలము చేసిరి. ఆమె ఎరిగిన విద్య ఆ జిల్లా ప్రతి బడిపుస్తకములోను ఉండదగినది. తల్లికి తెలిసినది చదువుగా లెక్కకు వచ్చినప్పుడు, తల్లి బడిలోనికి తలయెత్తుకొని రాగలదు.

రాయగడ, గుణుపురము, జయపురము, కొరాపుట్ పట్టణములలో పంతుళ్లుగా, గుమాస్తాలుగా, వర్తకులుగా తరతరములనుండి స్థిరపడిన తెలుగుకుటుంబములు వేలకొలదిగా నున్నవి; వారిలో ఉపాధ్యాయవృత్తి నవలంబించినవారికి నాదొక విన్నపము. సంతలో బేరమాడుటకు చాలినంత కువియో, సవరయో మీకు ఇదివరకే వచ్చును. ఇంకొక యేడు శ్రమపడి ఆ భాషను పాఠము చెప్పదగినంతగా నేర్చుకొనుడు; వచ్చు నెల నిర్వహణసంఘ సమావేశమును ఆ భాషలోనే నడపి, గడపబయట తమ్మునితో నిలిచిన పిల్ల పేరు పిలిచి, ఆమె తల్లిని మొదట మాటలాడుమని కోరుడు.